గోలీ అమ్ముడుపోయాడన్నారు

మా బావ సత్తిబాబు తన ఖర్చుతో నన్ను సింగపూర్ తీసుకెళ్తానన్న రోజే నాకు అనుమానం వచ్చింది. సత్తిబాబు మా చెల్లెలి భర్త, అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. మరీ తెల్లగా ఉన్న దిమ్మ కనిపిస్తే మందు కలిపారంటాడు. విరిచి, వాసన చూసి, ముక్క నోట్లో వేసుకుంటే తప్ప బేరం మొదలుపెట్టడు. అలాంటి మనిషి, హైస్కూల్లో ఆటల మాస్టారుగా రిటైరైన నా దగ్గరికొచ్చి, "బయటి దేశంలో ఫుట్‌బాల్ మేచ్ సూడాలని నీకెప్పట్నుంచో ఉంది కదా బావా, పద, నేను తీసుకెల్తాను" అన్నాడు.

"ఊరికేనా?" అన్నాను.

"ఊరికే. నీకు ఇంగ్లీషొచ్చు, నాకు రాదు. అంతే."

అంతే కాదని తెలుస్తూనే ఉంది. అయినా ఆశ ఆగలేదు.

వెళ్ళదలచిన వారికి ఉపయోగపడతాయని వివరాలు రాస్తున్నాను. వీసా ఏజెంటు ద్వారా వారంలో వచ్చింది. ప్రయాణానికి మూడు రోజులు ముందు నుంచి ఫోన్లో ఒక ఫారం నింపుకోవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి అనకాపల్లిలో విశాఖ బస్సెక్కాం. కండక్టరుతో ముందే చెబితే ఎయిర్‌పోర్టు మలుపులో దింపుతాడు. విమానంలో భోజనం కొనుక్కోవాలి కాబట్టి మా చెల్లెలు పులిహోర కట్టి ఇచ్చింది.

విమానంలో నా పక్క సీటు మా జిల్లాలోని రోలుగుంట కుర్రాడిది. అక్కడి ఓడల కార్ఖానాలో వెల్డరట. "మీరూ పనికేనా మాస్టారూ?" అన్నాడు. మ్యాచ్ చూడడానికని చెప్తే నవ్వేశాడు. "మేచ్ సూడ్డానికి ఇంత దూరమా? ఇంకేటో ఉంటాది లెండి!"

అవతలి పక్కనున్న బావ ఆ మాటకు ఉలిక్కిపడి, చూస్తున్న ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. అది నేను గమనించాను.

తెల్లవారి ఆరింటికి దిగాం. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఊళ్ళోకి రైలుంది. మన బ్యాంకు కార్డును గేటుకు తాకిస్తే చాలు, తెరుచుకుంటుంది. బావ మాత్రం కార్డు తాకించగానే బ్యాంకు మెసేజ్ కోసం ఆగాడు. అది రాలేదని గేటు దగ్గరే నిలబడ్డాడు. వెనక జనం ఆగిపోయారు. లిటిల్ ఇండియాలో గది తీసుకున్నాం. రెండు మంచాలు, కిటికీ లేదు, శుభ్రంగా ఉంది. కౌంటరులో అమ్మాయి పాస్‌పోర్టు అడిగితే బావ ఇవ్వనన్నాడు. "అది పట్టుకుని పోతే మన గతేటి బావా?" ఆ అమ్మాయి కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేంత వరకూ కౌంటరు మీద ఒక చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. దగ్గర్లో ఇడ్లీ దొరుకుతుంది. నాలుగు ఇడ్లీల ధరకు అనకాపల్లిలో నలుగురు భోంచేయొచ్చు.

మ్యాచ్ సాయంత్రం అయిదున్నరకి. మధ్యాహ్నం పన్నెండింటికే బావ నన్ను లేపి, రెండు వీధుల అవతల ఒక దుకాణానికి నడిపించాడు. మన దగ్గర చాటుమాటుగా కాసే పందేలు అక్కడ సర్కారు అనుమతితో ఆ దుకాణంలో కాయవచ్చు. ముసలివాళ్ళు బుద్ధిగా వరసలో నిలబడి, చిన్న కాగితాల మీద పెన్సిలుతో గడులు నింపుతున్నారు.

"ఈ కాయితం నువ్వు నింపాల," అన్నాడు బావ. "నీలం జట్టు గెలుత్తాదని."

"నీకెలా తెలుసు?"

ఫోన్ తీసి చూపించాడు. నెలనెలా చందా కట్టే ఒక గ్రూపు నుంచి బావకు మాత్రమే విడిగా వచ్చిన మెసేజ్ అది. 'ఎర్ర జట్టు గోలీ అమ్ముడుపోయాడు. నీలం మీద పెట్టు. ఎవరికీ చెప్పకు.' గోలీ అంటే గోల్‌కీపరు. ఇంత దూరం ఎందుకొచ్చామని అడిగితే, ఊళ్ళో కాస్తే పోలీసులు పట్టుకుంటారనీ, ఇక్కడైతే భయం లేదనీ అన్నాడు. "పైగా నా కల్లతో సూడాల బావా. ఎవుడు ఏటి సెప్పినా నేనలాగ నమ్మేత్తానా?"

కాగితం నేను నింపనన్నాను. బావ వరసలో ఉన్న తమిళ పెద్దాయనను బతిమాలి నింపించుకున్నాడు. ఎంత కాశాడో నాకు చూపించలేదు.

నేనక్కణ్ణుంచే గదికి వెళ్ళిపోయి ఉండాల్సింది. వెళ్ళలేదు. రైల్లో తూర్పుగా అరగంట, తర్వాత పది నిమిషాల నడక. స్టేడియం చిన్నదే, విశాఖలో ఇంతకంటే పెద్దవి చూశాను. టికెట్లు గేటు దగ్గరే దొరికాయి. కానీ ఆ పచ్చిక! అంత నున్నటి మైదానం మీద ఒక్కరోజైనా మా స్కూలు పిల్లలను పరిగెత్తించాలనిపించింది. ఆ ముచ్చట పది నిమిషాలైనా నిలవలేదు. ఆటగాళ్ళు బయటికి రాగానే నా కళ్ళు ఎర్ర జట్టు గోలీని వెతికాయి.

పొడుగ్గా, సన్నగా, పాతికేళ్ళ కుర్రాడు. గోల్‌స్తంభాన్ని రెండుసార్లు తట్టాడు. ఎవరికైనా సైగా? చేతితొడుగు పట్టీ విప్పి మళ్ళీ బిగించాడు. ఎందుకు? పన్నెండో నిమిషంలో నీలం జట్టువాడు దూరం నుంచి ఒక నీరసం దెబ్బ కొట్టాడు. బంతి నేరుగా గోలీ చేతుల్లోకి వచ్చి, వేళ్ళ సందుల్లోంచి జారి గీత దాటింది.

బావ నా తొడ మీద గట్టిగా చరిచాడు. "సూసేవా? సెప్పేనా?"

ఆ క్షణం నుంచి నేను ఆట చూడలేదు, దొంగను చూశాను. గోలీ నీళ్ళు తాగితే చూశాను, తల గోక్కుంటే చూశాను. అరగంట తర్వాత స్టాండ్ మొత్తం లేచి అరిచింది. అవతలి కొసన ఎర్ర జట్టు గోలు కొట్టి సమం చేసింది. అప్పుడు కూడా నేను ఇవతలి కొసన ఈ గోలీ ముఖమే చూస్తున్నాను. ఇంత దూరం వచ్చి కళ్ళెదుట పడిన గోలు చూడలేదు.

ఆట ముగియడానికి అయిదు నిమిషాలుందనగా నీలం జట్టుకు పెనాల్టీ దొరికింది. "అయిపోయింది, బంతి ఇటొత్తే అటు దూకుతాడు," అన్నాడు బావ. గోలీ కదలకుండా ఆఖరి క్షణం దాకా ఆగి, ఎడమకు దూకి, కుడి చేత్తో బంతిని బయటికి నెట్టాడు. పడ్డవాడు వెంటనే లేవలేదు. చెయ్యి పొట్టకు అదుముకుని ముడుచుకుపోయాడు. డాక్టరు వచ్చి కట్టు కట్టాక లేచి మిగతా ఆట ఆడాడు. ఒకటీ ఒకటీ, సమం.

నీలం గెలవలేదు కాబట్టి పందెం పోయింది, బావ కాగితాన్ని నలిపేశాడు. "డబ్బులు మింగి మాట తప్పేడు," అన్నాడు. తన మెసేజ్ అబద్ధమేమో అన్న ఆలోచన ఆయనకు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి రాలేదు.

స్టేడియం పక్కనే వరసగా తిండి దుకాణాలున్నాయి. ఎనిమిదింటికి అక్కడ అన్నం తింటుంటే ఆ గోలీ మామూలు చొక్కాతో, భుజాన సంచీతో వచ్చి వరసలో నిలబడ్డాడు. కుడి చెయ్యి లావుపాటి కట్టులో ఉంది. పళ్ళెం ఒంటి చేత్తో పట్టుకోలేక తడబడుతుంటే నేను లేచి అందుకుని మా బల్ల మీద పెట్టాను. థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

బావ వంగి, "అడుగు బావా, ఎంతిచ్చేరో అడుగు," అన్నాడు.

నేను వేలు విరిగిందా అని అడిగాను. విరిగే ఉంటుంది, తినేసి ఆసుపత్రికి వెళ్తానన్నాడు. మేం ఎక్కడి నుంచి వచ్చామో అడిగాడు. చెప్పాను. మ్యాచ్ కోసమే వచ్చామని తెలిసి తలొంచుకున్నాడు. "ఆ మొదటి గోలు మీరూ చూశారన్నమాట. నా తప్పే. బంతి చేతికి రాకముందే అవతలికి ఎవరికి విసరాలా అని చూశాను. అంత దూరం నుంచి వచ్చి అలాంటిది చూడాల్సి వచ్చింది, సారీ."

"ఏటంతన్నాడు?" అన్నాడు బావ.

"సారీ చెప్తున్నాడు."

"సూసేవా! ఒప్పేసుకున్నాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్రాడి ముందు అరవలేక తెలుగులోనే గొంతు తగ్గించి చెప్పాను. కాలేజీ రోజుల్లో నేనూ గోలీనే. పాయకరావుపేట టోర్నమెంటులో సరిగ్గా ఇలాంటి గోలే వదిలేశాను. అవతలి జట్టు దగ్గర డబ్బు తీసుకున్నానన్నారు. మా కెప్టెన్ ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను మళ్ళీ గోల్‌లో నిలబడలేదు, మాస్టారునయ్యాక పిల్లలకు పరుగులే నేర్పాను. "బంతి జారింది బావా. అంతే. చేతుల్లోంచి బంతి జారుతుంది."

గోలీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా తినడం మొదలుపెట్టాడు. వెళ్ళేటప్పుడు ఎడమ చెయ్యి చాపాడు. నేను పట్టుకున్నాను. కాసేపు ఆగి బావ కూడా పట్టుకున్నాడు.

తిరుగు టికెట్ చెన్నై మీదుగా చవగ్గా దొరుకుతుంది. ఆదివారం పొద్దున బయల్దేరి, చెన్నైలో విశాఖ విమానం కోసం మూడు గంటలు కూర్చున్నాం. మా ఎదుట కుర్చీలో తుని వైపు యాస వినిపించింది. బావ పలకరించాడు. పాయకరావుపేటలో ఎరువుల దుకాణమట, ఆయనా అదే మ్యాచ్‌కు వెళ్ళొస్తున్నాడు. కాసేపటికి ఆ ఎరువుల వ్యాపారే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవులికీ సెప్పకండి. నీలం జట్టు గోలీ అమ్ముడుపోయేడని నాకు విడిగా మెసేజొచ్చింది. ఎర్ర జట్టు మీద ఎట్టేను. ఆడు మోసం సేసేడు."

బావ ఆయన ఫోన్ అడిగి తీసుకున్నాడు. తన ఫోన్ పక్కన పెట్టి చూశాడు. అదే గ్రూపు, అవే మాటలు. రంగు ఒక్కటే వేరు. సగం మందికి ఒక జట్టు, సగం మందికి ఇంకో జట్టు! ఎవరు గెలిచినా వాళ్ళకు చందా కట్టేవాళ్ళు సగం మంది మిగులుతారు. సమం అవుతుందని మాత్రం వాళ్ళనుకోలేదు.

"బెల్లం దిమ్మనైతే ఇరిసి సూసేవోణ్ణి," అన్నాడు బావ.

సాయంత్రం నాలుగింటికి అనకాపల్లి బస్సులో సీట్లు దొరికాయి. గాజువాక దాటాక బావ నా వైపు తిరిగాడు. "బావా, ఆ పెనాల్టీ ఎలాగాపేడు? ఎటు దూకాలో ఆడికెలా తెలిసింది?"

కొట్టేవాడి కాలు ఎలా ఆనుతుందో, నడుం ఎటు తిరుగుతుందో, గోలీ ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పడం మొదలుపెట్టాను. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతులు. బావ కన్నార్పకుండా వింటున్నాడు. ఆట మీద ఇష్టంతో వింటున్నాడా, ఇంకో పందానికి పనికొస్తుందని వింటున్నాడా అన్న అనుమానం లంకెలపాలెం దగ్గర నాకు రాకపోలేదు. అయినా ఆపలేదు. అనకాపల్లిలో బస్సు దిగి, సంచులు కింద పెట్టి, ఎడమకు ఎలా దూకాలో నిలబడి చూపించాను కూడా.