ఆరు రోజుల హాజరు

పదేళ్ళ నుంచి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడుపడదు. బయటికి రాదు. దాని పక్కనుంచే అన్నం తింటున్నాను, జోకులు వేస్తున్నాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు చల్లి వస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు కూర్చుంటే మళ్ళీ కథ కల్పిస్తాను.

ఆ గుణం సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. నాకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టం. తిరువూరు బస్టాండులో దిగి తెలుగు మాస్టారి ఇల్లెక్కడ అని అడిగితే చంటిపిల్లాడు కూడా చూపిస్తాడని చెప్పుకునేవాణ్ణి. మా ఇల్లు బస్టాండు వెనక సందులోనే. దారి తప్పిన ప్రతివాడూ మా గుమ్మం ముందే తేలతాడు.

ఇక పదేళ్ళపాటు స్టాఫ్ రూములో, ట్రైనింగుల్లో, పెళ్ళి భోజనాల దగ్గర నేను చెప్పిన కథ వినండి. “ఎ.కొండూరు వైపు తండా నుంచి ఒక లంబాడీ పిల్ల మా హైస్కూలుకి వచ్చేది. తెలివైంది. నేనే చేరదీశాను. అక్షరం అక్షరం దగ్గర కూర్చుని నేర్పాను. తీరా పదో తరగతి పరీక్షల ముందు చెప్పాపెట్టకుండా మూడు నెలలు మిరప కోతలకు పోయింది. హాజరు చాలక పరీక్ష పోయింది. ఇంట్లో చదువు లేకపోతే బడి ఒక్కటే ఎంతని మోస్తుందండీ?” ఇక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకునేవాణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టర్లు తలలూపేవాళ్ళు.

ఇందులో నిజమెంత? పిల్ల నిజం. తండా నిజం. తెలివి నిజం. మిగతాదంతా నేను పెట్టుకున్న నగ.

నేను ఆ పిల్లకి అక్షరాలు నేర్పలేదు. వచ్చేనాటికే ఆమెకి నాకంటే చక్కటి దస్తూరీ ఉంది. ఇంట్లో వాళ్ళ భాష వేరు. బళ్ళో మా తెలుగు. అయినా క్వార్టర్లీలో నా సబ్జెక్టులో ఫస్టు ఆమెదే. మాది గుడిలో అర్చకత్వం చేసిన ఇల్లు. మూడు తరాలుగా పుస్తకాల మధ్య పుట్టిన మా అబ్బాయి అదే క్లాసులో ఉన్నాడు. వాడికి వచ్చిన మార్కులు చెప్పను. తండ్రినైన నేనే దిద్దాను, దిద్దుతూ కొంచెం సాయం కూడా చేశాను, అయినా పాసవలేదు.

ఆ తర్వాత పేరెంట్ల మీటింగు. నేను లేచి ఉపన్యాసం దంచాను. చదువు ఇంటి నుంచి రావాలి, రైతుల ఇళ్ళల్లో క్రమశిక్షణ ఉంది, మా ఇళ్ళల్లో సంస్కారం ఉంది, తండాల్లో ఏముంది, మేం ఎంత పోసినా నిలవదు, అన్నాను. ఆ పిల్ల తల్లి వెనక గోడ దగ్గర నిలబడి వింటోంది. కుర్చీలు మిగిలే ఉన్నాయి. ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

“మా ఇంట్లో చదువు లేదు సారూ, నిజమే,” అంది ఆవిడ తాపీగా. “మీ ఇంట్లో బోలెడుంది గదా. మరి మీ వాడికి రాలేదేం?”

హాలంతా నవ్వు. హెడ్‌మాస్టరుగారు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మామిడితోటల ఆసామి ఒకాయన తొడ చరుచుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. పశ్చాత్తాపం ముందొచ్చి కోపం వెనక రావాలి కదా? నాకు కోపమే ముందొస్తోంది. ఆవిణ్ణి నేనేం చెయ్యగలను? పొలాల్లో కూలి చేసుకునే మనిషి. నా చేతిలో ఆవిడకి సంబంధించినదేదీ లేదు, కూతురు తప్ప.

మా బళ్ళో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు రాని రోజున హాజరు పట్టీలో వాళ్ళ గడిలో పెన్సిలుతో చుక్క పెట్టేవాళ్ళం. సిరా పెట్టేవాళ్ళం కాదు. నాట్లప్పుడు, పత్తి తీతలప్పుడు, మేనమామ పెళ్ళిళ్ళప్పుడు చుక్కలే చుక్కలు. పరీక్షల ముందు హాజరు లిస్టు పంపే రోజున కూర్చుని, ఆ చుక్కల మీద సిరాతో ‘వచ్చారు’ అని వేసేసేవాళ్ళం. అందరికీ. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. పిల్లలు పరీక్ష రాయాలి, బడి ఫలితాలు బాగుండాలి, అంతే.

ఫిబ్రవరిలో ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. చెప్పాపెట్టకుండా పోలేదు, చెప్పడానికే వచ్చింది. నేను సైకిలు తీస్తున్నాను. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు.

“సార్, మూడు వారాలు అమ్మావాళ్ళతో ఖమ్మం వైపు మిరప కోతలకి వెళ్ళాలి. హాజరు తక్కువైతే పరీక్ష రాయనివ్వరంట గదా. మీరు వద్దంటే ఊళ్ళో పిన్ని దగ్గర ఉండిపోతాను.”

నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. ఇంత మంచి అవకాశం దానంతటదే నడిచొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

“వెళ్ళి రా తల్లీ. హాజరు సంగతి నేను చూసుకుంటాను. పుస్తకాలు పట్టుకెళ్ళు, మర్చిపోకు.”

పుస్తకాలు పట్టుకెళ్ళమని ఎందుకన్నాను? అనకపోయినా వెళ్ళేదే. ముచ్చటగా ఉంటుందని అన్నాను. దగా చేసేటప్పుడు కూడా నాకు మంచి మాట తోడు కావాలి.

లిస్టు రోజున అందరి చుక్కల మీదా సిరా పెట్టాను, ‘వచ్చారు’ అని. ఆమె గడుల దగ్గర ఆగాను. నాట్లప్పటివి, పత్తి తీతలప్పటివి, మిరప కోతలవి. ఒక్కో చుక్క మీద నిదానంగా ‘రాలేదు’ అని పెట్టాను. నా కథలో మూడు నెలలన్నాను కదా? అన్నీ కలిపి కూడితే కావలసిన హాజరుకి తక్కువైంది ఆరు రోజులు. ఆ ఆరు రోజులు నా చేతిలో ఉన్నాయి. హెడ్‌మాస్టరుగారు, ఈ పిల్ల ఫస్టు వచ్చే పిల్ల కదా అని ఆగారు. రూలు రూలే కదండీ అన్నాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి సంతకం పెట్టారు. అబద్ధం రాయలేదని రాత్రింబవళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమే. ఆ పట్టీ మొత్తంలో నిజం రాసింది ఆ ఒక్క పిల్ల పేరు ఎదురుగానే.

హాల్ టికెట్లు పంచిన రోజు ఆమెది రాలేదు. క్లాసులో లేచి నిలబడింది. ఏడవలేదు.

“మీరు వెళ్ళమన్నారు కదా సార్.”

“నేనా? ఎప్పుడమ్మా?” అన్నాను. నిజంగా ఆశ్చర్యపోయినవాడిలా నుదురు కూడా ముడిచాను.

ఆమె మా అబ్బాయి వైపు చూసింది. వాడు బల్ల వైపు చూశాడు. వాడు ఒక్క మాటంటే చాలు. అనలేదు, నా కొడుకు కాబట్టి. ఆమె పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది. మరుసటేడు వచ్చి రాస్తుందేమో అనుకున్నాను. రాలేదు. తల్లితోపాటు కూలికి వెళ్తోందని ఎవరో అన్నారు. ఆ ఏడు మా వాడు పరీక్ష గట్టెక్కాడు, అత్తెసరు మార్కులతో. ఆ రోజు తర్వాత వాడు నన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడు ఊళ్ళోనే ఎరువుల కొట్లో పనిచేస్తున్నాడు. రోజూ నాకు భోజనం వడ్డిస్తాడు. మాట్లాడడు.

సంతోషించానా? సంతోషించాను. అది దాచి మిగతాదంతా చెబితే ఇది ఒప్పుకోవడమే కాదు. వేసవి సెలవులంతా నాకు ఒళ్ళు తేలిగ్గా ఉంది. తల్లికి బదులు చెప్పినట్టయింది. చూశావా, మీ ఇంటికి చదువు పట్టదన్నానుగా, అని లోలోపల ఆవిడతో ఎన్నిసార్లు అన్నానో. నా మాట నిజమైందని మురిసిపోయాను. దాన్ని నిజం చేసింది నేనేనని తెలిసి కూడా.

నాలుగేళ్ళ తర్వాత ఆమె తన చెల్లెల్ని ఎనిమిదిలో చేర్చడానికి మా బడికి వచ్చింది. ఫారం నింపింది. క్లాసు టీచరెవరని అటెండర్ని అడిగింది. అతను నన్ను చూపించాడు. ఆమె తిట్టలేదు, దగ్గరికి రాలేదు. ఫారం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని చెల్లెలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. చెల్లెల్ని ఎ.కొండూరులో చేర్చిందట. వాకబు చేస్తూనే ఉన్నాను. ఆ చెల్లెలూ ఏటా మిరప కోతలకు వెళ్ళింది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. అదే ఇల్లు. అదే తల్లి. అదే తండా. మారింది మాస్టారొక్కడే.

అది తెలిశాక కూడా నేను ఆ కథ చెప్పడం మానలేదు. రిటైరయ్యే రోజు సభలో కూడా చెప్పాను. విన్న మాస్టర్లలో ఎంతమంది తండా పిల్లల గడుల దగ్గర నాలాగే ఆగి ఉంటారు? ఆ లెక్క నాకు తెలీదు. తెలుసుకునే ధైర్యం లేదు.

నా పేరు రాయడం లేదు. ఆమె పేరూ రాయలేదు. ఆమెది దాచడం మర్యాద, నాది దాచడం పిరికితనం. ఆ తండాకి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటోలో ఒకసారి ఆ తల్లి నా ఎదురుగా కూర్చుంది. అరగంట ప్రయాణం. నోరు తెరవలేకపోయాను. ఆవిడ దిగేటప్పుడు చూస్తే నా లోపల ఇంకా పగ మిగిలే ఉంది, గిన్నె అడుగున కాస్త బెల్లప్పాకం అంటుకున్నట్టు.

ఇప్పుడు మీకు చెప్పాను. దీనివల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదు. పదేళ్ళలో మొదటిసారి నాకు మాత్రం ఊపిరి పూర్తిగా ఆడుతోంది. ఇందులో కూడా లాభం నాదే.