ఎర్ర జట్టు నాన్న, నీలం జట్టు సలీం అంకుల్

ఇవాళ మా అబ్బాయి టోపీలోంచి సన్‌స్క్రీన్ వాసన రాగానే మెల్‌బోర్న్‌లో ఆ వైటుకే వేసవి గుర్తొచ్చింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని మన నాన్నలు కంగారుపడ్డ రోజులు మీకూ గుర్తున్నాయా?

బేస్‌బాల్‌లో నాన్నది ఎర్ర జట్టు, ఆఫీసులో ఆయన పక్కసీటు సలీం అంకుల్‌ది నీలం జట్టు. రెండూ మా ఊరివే, ఆ ఏడు రెండూ వరసగా గెలిచాయి. శనివారాలు అంకుల్ కారులో, అమ్మ కట్టిచ్చిన గోంగూర శాండ్‌విచ్‌లతో ఆటకి వెళ్లేవాళ్లం.

జనవరిలో కంప్యూటర్లేవీ ఆగలేదు, ఆ పని అయిపోయి నాన్న ఉద్యోగమే పోయింది; ఆ సంగతి ఆయన అంకుల్‌కి చెప్పలేదు. వాళ్లిద్దరిలో ఒకరినే ఉంచుకుంటారని ఆఫీసులో ముందే అనుకున్నారట.

"సలీమే మేనేజర్‌కి ఏదో చెప్పుంటాడు. లేకపోతే అంత హుషారేమిటి?" అన్నారు నాన్న అమ్మతో.

ఆ రెండు జట్లే ఫైనల్‌కి వచ్చాయి. ఆ శనివారం గ్యాలరీలో అంకుల్ నవ్వినప్పుడల్లా నేను ఆయన్నే అనుమానంగా చూశాను. చివరికి నాన్న ఉండబట్టలేక, "నన్ను తీసేసి నీ కాంట్రాక్ట్ పొడిగించారటగా, భాయ్?" అని అడిగేశారు.

అంకుల్ నవ్వు ఆగిపోయింది. "నన్ను గూడ జనవరిలనే వేరే గదిలకు పిలిచి తీసేసిండ్రు, మల్ల ఆఫీసు దిక్కు పోలే. నిన్నే ఉంచుకున్నరనుకున్న. లోపల నీ మీద మస్తు కోపమున్నది, భాయ్."

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశారు. సోమవారం పొద్దున ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఒకే కారులో ఉద్యోగాల వేటకి బయల్దేరారు.