తెరిచి ఉంచిన లాగ్‌బుక్కు

బాయిలర్ల ఇన్‌స్పెక్టరుగారిని ఎదురుగా అందరూ సారూ అనేవారు, వెనకాల మాత్రం సుత్తి అనేవారు. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉండడం ఒక కారణం. నిబంధనల గురించి మొదలుపెడితే గంటసేపు ఆపకపోవడం రెండో కారణం. ఆ పేరు సంగతి ఆయనకూ తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వమే.

ఆయనకు సుత్తి పట్టడం నేర్పింది బావ, అంటే అక్క భర్త. దుప్పట్లకు రంగులద్దే మిల్లులో పాతికేళ్ళుగా బాయిలరు అటెండెంటు. "చేత్తో కొట్టు, చెవితో చూడు. మంచి రేకు ఖంగుమంటుంది, పగులున్నది దబ్బుమంటుంది" అని బాయిలరు చుట్టూ తిప్పి చూపించాడు. ఈయన ఉద్యోగంలో పేరు తెచ్చుకున్నది ఆ చెవితోనే.

ఏడాదికోసారి ప్రతి బాయిలరునూ ఆపి, చల్లార్చి, విప్పి చూపించాలని చట్టం. సర్టిఫికెట్టు గడువు దాటితే దాన్ని వెలిగించడానికి వీల్లేదు. ఆ ఏడు బావ పనిచేసే మిల్లు తనిఖీ ఈయన వంతుకొచ్చింది. బంధువని చూసీచూడనట్టు పోయాడన్న మాట పడకూడదని ఇంటి దగ్గరే గట్టిగా అనుకుని బయల్దేరాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటిరోజు మేనేజరు పక్కనే అంటిపెట్టుకుని ఉండగా, లోపల దూరి ప్రతి రేకూ కొట్టి చూశాడు. నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టించాడు. చుక్క కారలేదు. మర్నాడు ఆవిరి పరీక్ష. ఒత్తిడి మీటరులో ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే సేఫ్టీ వాల్వు దానంతటది తెరుచుకుని ఆవిరిని బయటికి వదలాలి. మంట పెంచేముందు బావ లాగ్‌బుక్కు తెరిచి బల్లమీద పెట్టి, "సార్, ముందు ఇదొకసారి చూడండి" అన్నాడు. పదిమందిలో బావమరిదిని సార్ అనే పిలిచేవాడు.

"పుస్తకాలు తర్వాత. ముందు పని కానివ్వండి" అని ఈయన తన సంచిని ఆ తెరిచిన పేజీ మీదే పెట్టాడు.

ముల్లు ఎర్రగీత చేరింది. దాటింది. వాల్వు కదల్లేదు.

"ఆపండి! మంట ఆర్పేయండి!"

ఒత్తిడి దిగాక పైకెక్కి చూస్తే, వాల్వు సీలు తెంపి నట్టు బిగించి ఉంది. మంట ఇంకాసేపు ఉండి ఉంటే బాయిలరు పేలిపోయేది. ఆ భయం కోపమై బయటికొచ్చింది.

"పాతికేళ్ళ సర్వీసు పెట్టుకుని ఇదా నువ్వు చేసేది? నలభైమంది ప్రాణాలతో ఆటలా?"

బావ నోరు విప్పబోయాడు.

"మాట్లాడకు! సిగ్గుండాలి!"

రంగు చేతులతో పనివాళ్ళంతా అలాగే నిలబడి చూస్తున్నారు. మేనేజరు నేలచూపులు చూస్తున్నాడు. అది ఈయన కంటపడలేదు. బావ భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. ఈయన సంచి తీసి, కొత్త పేజీ తిప్పి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తప్పు అటెండెంటుదేనని రిపోర్టు రాశాడు. బావ లైసెన్సు పోయింది, ఉద్యోగమూ పోయింది. ఒక గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేరాడు.

మరుసటేడు అదే మిల్లు, కొత్త అటెండెంటు. నీళ్ళ పరీక్షల లెక్క చూద్దామని ఇన్‌స్పెక్టరు పాత పేజీలు తిప్పుతుంటే బావ పక్కకు వాలిన అక్షరాలు కనిపించాయి. "వాల్వు సీలు తెగి ఉంది. మేనేజరుగారికి చెప్పాను." నాలుగురోజుల తర్వాత, "మళ్ళీ చెప్పాను. బిగించకపోతే పని నడవదన్నారు. వాల్వు ముట్టుకునే అధికారం నాకు లేదు. ఒత్తిడి తగ్గించి నడుపుతున్నాను." ఆఖరున, "రేపు ఆవిరి పరీక్ష. ఇన్‌స్పెక్టరుగారు చూసుకుంటారు."

పక్క పేజీలో తన సంతకం.

అక్కణ్ణుంచి తిన్నగా గోడౌన్‌కు వెళ్ళాడు. బావ గేటు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"అప్పుడే చెప్పొచ్చుగా బావా?"

"చెప్పనిచ్చావా?" బావ గొంతులో కోపం లేదు. "మేనేజరు పక్కనే ఉన్నాడు, అందుకే రాసిపెట్టా. చదువుతావనుకున్నా."

"ఆఫీసువాళ్ళు సంజాయిషీ అడిగినప్పుడైనా..."

"రాసింది చదవనివాళ్ళకి మళ్ళీ ఏం రాయమంటావు?"

ఆ వారమే ఇన్‌స్పెక్టరు తన తప్పు తానే రాసి పైవాళ్ళకు పంపాడు. ఆయన ప్రమోషను ఆగింది, మేనేజరు మీద కేసు పడింది. మూడునెలలకు బావ లైసెన్సు తిరిగొచ్చింది. దాన్ని పట్టుకుని ఇన్‌స్పెక్టరే స్వయంగా వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసింది అక్క. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ణి ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి.

"రండి, కూర్చోండి. ఆయన ఇంకా రాలేదు."

"అదేంటే అక్కా, నన్ను అండీ అంటావు?"

"ఆఫీసరుగారు కదా" అని మంచినీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

బావ వచ్చాక లైసెన్సును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిల్లువాళ్ళు మళ్ళీ రమ్మన్నార్రా. కానీ ఆ తిట్లు విన్నవాళ్ళ మధ్యకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

దిద్దుబాటు కాగితం ఆఫీసు ఫైల్లో ఉంది. తిట్లు విన్న నలభైమందిలో చాలామంది అప్పటికే వేరే మిల్లులకు చెదిరిపోయారు. వాళ్ళ దృష్టిలో బావ ఇంకా వాల్వు బిగించినవాడే. సెలవురోజుల్లో ఇన్‌స్పెక్టరు షెడ్డు షెడ్డుకూ తిరిగి, తప్పు తనదని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాడు. రిటైరయ్యేనాటికి పదకొండుమందిని మాత్రం వెతికి పట్టుకోగలిగాడు.