సువార్తమ్మగారు ఆగిన చోటు

మొన్న ఉదయం కొవ్వూరు నుంచి బస్సులో రాజమండ్రి వస్తున్నాను. వంతెన సగం దాటాక, ముందు సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోన్‌లోంచి ఒక పాట మొదలైంది. వేగం పెంచి, కింద డ్రమ్ములు కలిపిన పాట. పదిహేను సెకన్లు, మళ్లీ మొదటికి, మళ్లీ పదిహేను సెకన్లు. అది సువార్తమ్మగారి గొంతు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆవిడ గొంతును నేను చెడగొట్టిన రూపం. దాన్ని నేను ఎప్పుడో వెనక్కి తీసేసుకున్నాను. కానీ లోకంలోకి వెళ్లిన శబ్దం మన మాట విని తిరిగి రాదు. లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. "స్టాపింగ్ ఇంకా రాలేదండీ, కూర్చోండి" అన్నాడు కండక్టరు. కూర్చోలేకపోయాను. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆ పాట ఎక్కడ వినిపించినా నా కాళ్లు ఒకచోట నిలవవు.

నాకు రాజమండ్రిలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. క్రైస్తవ గీతాలు, అయ్యప్ప పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, ఇవే నా పని. సువార్తమ్మగారిది తణుకు దగ్గర పల్లె. పదకొండో ఏట నుంచి వరి ఊడుపుల్లో పాడిన మనిషి. నారు నాటే ఆడవాళ్ల ముఠాలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ ఎత్తుకునే గొంతు నలభై ఏళ్లు ఆవిడదే. క్యాసెట్ల కాలంలో ఎవరో తీసుకెళ్లి, కీబోర్డుకీ క్లారినెట్‌కీ మధ్య నిలబెట్టి పాడించారు. మా వైపు పెళ్లిపందిళ్లలో, టీకొట్లలో, ట్రాక్టర్ల మీద ఆ గొంతు మోగని చోటు లేదు. క్యాసెట్ అట్ట మీద మాత్రం ఎవరో అందమైన అమ్మాయి బొమ్మ ఉండేది. దాంతో గొంతు తెలిసినంతగా మనిషి ఎవరికీ తెలియదు.

మూడేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, ఆవిడ తనంతట తాను నా స్టూడియోకి వచ్చారు. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. కూర్చోమంటే కూర్చోలేదు. గది నాలుగు వైపులా తిరిగి, గోడలకు అంటించిన స్పాంజిని వేలితో నొక్కి చూశారు. "ఏంటమ్మా ఇది, గోడలకి పరుపులేసేరు?" అన్నారు. శబ్దం తిరిగి రాకుండా అని చెప్పాను. "అయితే ఇది మంచి చోటే. మా పొలాల్లోనూ తిరిగొచ్చేది కాదు" అన్నారు. తరవాత వచ్చిన పని చెప్పారు. వాయిద్యాలేమీ లేకుండా, పొలంలో ఎలా పాడారో అలా ఎనిమిది పాటలు ఒక ఆల్బంగా చేయాలి. వంత పాడటానికి పాత ముఠాలోని ఎస్తేరమ్మ వస్తుంది. పాటలు అంతరించిపోతున్నాయన్న బాధతో వచ్చారేమో అనుకుని నేనేదో సానుభూతిగా అన్నాను. ఆవిడ నవ్వేశారు. "మిషన్లు వచ్చి ఊడుపు పోయినందుకు నా నడుం ఎంత సంతోషించిందో నీకేం తెలుసు? పని పోయిందమ్మా. పాటే పోవట్లేదు. ఎక్కడికెళ్లాలో తెలీక నోట్లోనే తిరుగుతోంది. అన్నం తినేటప్పుడూ అడ్డమే, ప్రార్థన చేసేటప్పుడూ అడ్డమే" అన్నారు.

మొదటిరోజు పాట రాలేదు. మైకు ముందు నిటారుగా నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. గొంతు ఎండిన తాడులా బిగుసుకుపోయింది. ఏడుసార్లు మొదలుపెట్టి ఏడుసార్లూ ఆపేశారు. ఆఖరికి హెడ్‌ఫోన్స్ తీసి కుర్చీలో పడేసి, విసురుగా బయటికి వెళ్లిపోయారు. ఎస్తేరమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా, "దాన్ని నిలబెడితే పాడదండి. క్యాసెట్లప్పుడూ ఇంతే, ఏడ్చుకుంటా పాడింది. వంగోబెట్టి చూడండి" అంది. మర్నాడు మైకును మోకాలి ఎత్తుకు దించాను. సువార్తమ్మగారు చీరకుచ్చెళ్లు పైకి దోపుకుని, నడుం వంచి, ఎడమచేతిలో లేని నారుకట్టను పట్టుకుని, కుడిచేత్తో నేలను తాకుతూ, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ పాడటం మొదలుపెట్టారు. ఈసారి గొంతు ఎక్కడా బిగుసుకోలేదు. వంగడం వల్ల పాటలో ప్రతి పాదం చివర శ్రుతి కాస్త కిందికి జారేది. ఊపిరి వినిపించేది. నాలుగడుగులు వెనక్కి వెళ్లేసరికి మైకు దూరమైపోయేది, నేను దాన్ని పట్టుకుని వంగి వెంట నడిచేదాన్ని. సాయంత్రానికి నా నడుం పోయింది. ఆవిడ మాత్రం "అరెకరం కూడా అవ్వలేదు" అన్నారు.

వాటిలో ఒక పాట ఉంది. పాలిచ్చే తల్లి ఊడుపులో ఉంటుంది, బిడ్డ గట్టు మీద ఏడుస్తుంటుంది. ఒక్కసారి గట్టెక్కి వస్తానని ఆమె పని చేయించే మేస్త్రీని బతిమాలుతుంది. ఆ బతిమాలే మాట దగ్గర సువార్తమ్మగారు ఆగిపోయేవారు. రెండు మూడు ఊపిర్లంత సేపు ఏమీ ఉండదు. తరవాత చరణం అందుకునేవారు. వయసు మీద పడి ఊపిరి అందక ఆగుతున్నారనుకున్నాను.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి పాస్టర్ల గొంతులూ పార్టీ పాటలూ దిద్దిన దాన్ని. ఈ ఒక్క ఆల్బంతో నా పేరు నాలుగు ఊళ్లు దాటాలని ఆశ. జారిన శ్రుతినంతా కంప్యూటర్‌లో సరిచేశాను. ఊపిరి తీసేశాను. దగ్గు తీసేశాను. ఆ ఖాళీని కత్తిరించి రెండు ముక్కల్నీ అతికించాను. ఆవిడకు వినిపించడం మాత్రం ఇవాళ, రేపు అంటూ వాయిదా వేశాను. ఎందుకు వేశానో నాకు లోపల తెలుసు. అలాగే నెట్‌లో విడుదల చేసేశాను.

మెచ్చుకోళ్లు వచ్చాయి. హైదరాబాద్ నుంచి పత్రికల్లో రాసే ఒకాయన, ఈ వయసులో ఇంత మచ్చలేని గొంతా అని పొంగిపోయాడు. పిల్లలు వేగం పెంచి, డ్రమ్ములు కలిపి, ఆ పాటలకు గంతులేసి వీడియోలు పెట్టారు. ఆవిడ చర్చి సంఘంలో మాత్రం పెద్దలు కొంచెం ముఖం ముడుచుకున్నారు, దేవుడిచ్చిన గొంతుతో మేస్త్రీల పాటలేంటని. దానికి ఆవిడ, "దేవుడు కూడా ఆ పొలంలోనే ఉన్నాడండి, అప్పుడు గుడికెళ్లే తీరిక మాకెక్కడిది" అన్నారట. రాజమండ్రిలో ఒక హాల్లో సన్మానం పెట్టారు. శాలువా కప్పాక, పెద్ద స్పీకర్లలో ఆ పాలిచ్చే తల్లి పాటే వేశారు. ఆవిడ దాన్ని వినడం అదే మొదటిసారి. మొదటి చరణానికే కుర్చీలో అటూ ఇటూ కదిలారు. ఖాళీ ఉండాల్సిన చోట పాట ఆగకుండా దూకేసరికి, లేచి నిలబడి ఎవరినో వెతుకుతున్నట్టు స్పీకర్ల వైపు చూశారు. మాట్లాడమని మైకు ఇచ్చారు. "బాగుందండి. పాడినావిడెవరో గానీ, చాలా బాగా పాడింది" అన్నారు. వినయమనుకుని హాలంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

మర్నాడే వాళ్ల ఊరు వెళ్లాను. ఎస్తేరమ్మా ఆవిడా అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. "తప్పు చేశానండి. మీ గొంతు దిద్దాను, మీకు చెప్పకుండా" అన్నాను. సువార్తమ్మగారు తలెత్తకుండానే అడిగారు.

"శ్రుతి సంగతి పోనీలే. క్యాసెట్లోళ్లు అంతకన్నా చేసేరు. ఆ జాగా ఎందుకు తీసేసేవు?"

"ఊపిరి అందక ఆగారనుకున్నానండి."

"ఊపిరందక ఆగితే పొలంలో పాటెలా సాగుద్దమ్మా?" అని గోంగూర పక్కన పెట్టారు. "మా పిల్లలందరూ గట్టు మీదే కదా ఉండేది. పాడతా ఉంటే ఏడుపు వినపడదు. అందుకే అక్కడ ఆగేవాళ్లం. అందరం చెవులు గట్టు మీదేసి వినేవాళ్లం. ఏడుస్తుంటే పర్లేదు, ఉన్నారన్నమాట. వినపడకపోతేనే భయం. పక్కన కాలవ ఉంది, పాములున్నాయి."

ఎస్తేరమ్మ కూడా ఒలవడం ఆపేసింది. దిద్దని పాత రికార్డింగ్ నా దగ్గర అలాగే ఉంది, మార్చేస్తానన్నాను. "మార్చు. మార్చేనని కూడా చెప్పు. లేపోతే ఆ మెచ్చుకున్నోళ్లంతా నన్నే మెచ్చుకున్నామనుకుంటారు" అన్నారు.

చెప్పాను. ఆ గొంతును దిద్దింది నేనేనని, ఇప్పుడు పెడుతున్నది అసలుదని రాసి, ఆల్బం మార్చాను. తరవాతి నెలలు నిద్ర సరిగా పట్టేది కాదు. మెచ్చుకున్న ఆ హైదరాబాద్ పెద్దమనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. మొదటిదే నయమన్నారు చాలామంది. ఆ ఖాళీ దగ్గర, ఆడియో ఆగిపోతోంది, నెట్ ప్రాబ్లమా అని రాసేవారు. వినేవాళ్లు తగ్గిపోయారు. అవన్నీ ఆవిడకు చదివి వినిపించేదాన్ని. ఆవిడ ఊఁ కొట్టేవారు, అంతే.

ఒకరోజు జంగారెడ్డిగూడెం నుంచి ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది. పామాయిల్ తోటల్లో పని చేస్తుందట. వాళ్లమ్మ పడుచు వయసులో ఉండగా డెల్టాకి వచ్చి ఊడుపులు ఊడ్చిందట. "పాట పెడితే మా అమ్మ పట్టించుకోలేదండి. మధ్యలో ఆగిపోయిందా, అప్పుడు చెయ్యెత్తి 'టీవీ కట్టెయ్యండే, పిల్లలు' అందండి. మా అమ్మకి ఇప్పుడు మనుషులు కూడా గుర్తుండరు" అని చెప్పి ఏడ్చింది. ఈ మాట చెప్పగానే సువార్తమ్మగారు, "ఆవిడ ఎక్కడ ఊడ్చిందో అడిగేవా? అడగలేదా? రేపు పొద్దున్న బస్సుకి వెళ్దాం" అన్నారు. వెళ్లాం. ఇద్దరు ముసలమ్మలూ ఒకరికొకరు ఏమీ కారు. మంచం మీద పక్కపక్కన కూర్చుని, అరగంట సేపు చేతులు పట్టుకున్నారు. తిరిగొస్తూ బస్సులో ఆవిడ, "పాట ఇంక నోట్లో తిరగట్లేదమ్మా" అన్నారు. కిందటేడు క్రిస్మస్‌కు ముందు, నాలుగు రోజుల జ్వరంతో వెళ్లిపోయారు.

నేను ఇప్పటికీ గొంతులు దిద్దుతూనే ఉన్నాను. అది నా వృత్తి. కానీ పాడినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోకుండా మౌస్ మీద చెయ్యి వేయను. నా పని నెమ్మదించిందని విసుక్కునేవాళ్లున్నారు. పోయిన వారం సామర్లకోట నుంచి ఒక స్కూలు టీచరుగారు వచ్చి, తాను రాసుకున్న పాట పాడారు. మధ్యలో ఒకచోట మాట ఆగిపోయింది. అడిగాను, "ఇక్కడ ఏముందండీ?" అని. ఆవిడ సిగ్గుపడి, "ఏమీ లేదండీ, లైను మర్చిపోయాను. కట్ చేసెయ్యండి" అన్నారు.

కత్తిరించాను. అడిగాకే కత్తిరించాను.