మా సున్నాకి పేపరు నేర్పిన రోజులు

మొన్న శనివారం పొద్దున్నే మా మేనకోడలు ఫోన్ చేసి, పలకరింపులేమీ లేకుండా, "మావయ్యా, అర్జెంటుగా రా, ఇల్లంతా చెరువు చేసేసింది, నా చేతులు చూస్తే జల్లెడ అనుకుంటావు!" అంది. కంగారుగా చెప్పులకోసం వెతకబోయాను గాని, వెనకనుంచి సన్నగా, పీలగా, కుయ్యిమని ఒక గొంతు వినపడగానే సంగతంతా అర్థమైపోయి, ఈ వయసులో సిగ్గుపడవలసినంత సంబరం కలిగింది. కుక్కపిల్లను తెచ్చుకుంది! నేను వచ్చేలోగా ఒక పాత పేపరు తీసి మూలన పరవమన్నాను. "పేపరా? మా ఇంట్లో పేపరెక్కడిది మావయ్యా?" అని నవ్వింది.

నేనింకా పేపరు తెప్పించుకునే పాతకాలపు మనిషిని కాబట్టి, అటకమీది కట్టను సంచిలో కుక్కుకుని, ఎర్రగడ్డలో మెట్రో ఎక్కాను. పంజాగుట్టలో దిగేదాకా కూర్చోబుద్ధి కాలేదు. అమీర్‌పేట మీదుగా రైలు పోతుంటే, కింద ఆ బోర్డుల అడవిలో ఎక్కడో మా పాత సందు ఉండాలని కిటికీలోంచి వంగి చూశాను. కనపడలేదు గాని, కనపడినట్టే ఉంది.

అప్పట్లో అక్కావాళ్ళు కోస్తానుంచి కొత్తగా వచ్చి బల్కంపేట వైపు ఒక పాత ఇంటి పైవాటాలో అద్దెకు దిగారు. బావది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నేను సనత్‌నగర్‌లో రేకుల వర్క్‌షాపులో పనికి కుదిరి వాళ్ళతోనే ఉండేవాణ్ణి. ఒక పెద్ద రేకులోంచి ఎన్ని డబ్బాలు తెగుతాయో, ఎటు తిప్పి కోస్తే తక్కువ ముక్క వృథా అవుతుందో చెప్పడం నా పని. చదువు మధ్యలో ఆగినా లెక్కలు మాత్రం పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. త్రైరాశికం వచ్చాక, లోకంలో దానికి లొంగనిదేదీ లేదని నమ్మే వయసు అది.

లొంగనిది మా వర్క్‌షాపులోనే పుట్టింది. రేకుల దొంతర వెనక ఒక వీధికుక్క ఈని, ఎటో పోయి మళ్ళీ రాలేదు. మిగిలిన ఒక్క పిల్లను మా మేస్త్రీ ఎత్తి నా భోజనం సంచిలో పెట్టి, "తీస్కపో తమ్మీ, ఇంట్ల చిన్నపిల్ల ఉందంటివి గద, జర ఆడుకుంటది" అన్నాడు. నిజానికి మా మేనకోడలు అప్పుడు ఆడుకునే స్థితిలో లేదు. కొత్త ఊరు, కొత్త బడి, అక్కడి పిల్లల మాట ఒక తీరు, దీని మాట ఒక తీరు. నోరు విప్పితే నవ్వుతున్నారని బడిలో మాట్లాడటం మానేసి, క్రమంగా ఇంట్లోనూ తల ఊపడంతోనే సరిపెట్టేది. అక్క ఆ దిగులు పైకి చెప్పేది కాదు గాని, జడ వేస్తున్నప్పుడు ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది, జవాబు వస్తుందేమోనని.

సంచిలోంచి కుక్కపిల్ల బయటికొచ్చి, తోక ముక్కుకు ఆనించుకుని గుండ్రంగా ముడుచుకుని పడుకుంది. మా మేనకోడలు దాన్ని చాలాసేపు చూసి, "సున్నా!" అంది. ఎన్నో రోజుల తర్వాత అడక్కుండా అన్న మాట అది. పేరు అదే స్థిరపడిపోయింది.

మర్నాటినుంచి బడినించి రాగానే పిల్ల దాన్ని ఒళ్ళో వేసుకుని, ఎవరు ఏమన్నారో, టీచరు ఏం అడిగితే తనకు తెలిసీ ఎందుకు చెప్పలేదో, అంతా దానికి విన్నవించుకునేది. నేనూ అక్కా వంటింట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వకుండా నిలబడి వినేవాళ్ళం. అందుకే, తర్వాత జరిగిన భాగోతాన్నంతటినీ అక్క ఓర్చుకుంది.

ఆ భాగోతం మూడు అంకాలుగా నడిచింది. తిండి సంగతి చూస్తే, చిన్నపిల్ల కదా అని మేము పాలు పోస్తూ పోయాం, అది కడుపు పాడై గదంతా పాడుచేస్తూ పోయింది. మేస్త్రీకి చెబితే నెత్తి కొట్టుకుని, పాలు బంద్ చేసి మెత్తటి పెరుగన్నం కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు. రెండు రోజుల్లో కుదుటపడింది. ఇక పళ్ళు! సూదుల్లాంటి పళ్ళతో అక్క చీర కుచ్చిళ్ళు, నా మడమలు, బావ బూట్ల నాలుకలు, దేన్నీ వదిలేది కాదు. తిట్టినా, మూతి మీద తట్టినా అదో ఆటనుకుని ఇంకా ఉత్సాహంగా కరిచేది. చివరికి మేనకోడలే కనిపెట్టింది: అది కరిచినప్పుడల్లా "అబ్బా!" అని ఏడుపు గొంతు పెట్టి, లేచి, గోడవైపు తిరిగి నిలబడిపోయేది. ఆట ఆగిపోయిందే అని సున్నా బిత్తరపోయేది. ఇంటి యజమానుల ఫ్రిజ్‌లో తడిగుడ్డ ముడి ఒకటి చల్లబరిచి ఇస్తే దాన్ని నములుతూ మా మడమలను క్షమించింది.

మూడోదే అసలు సమస్య. ఇంటి యజమానులు కింద వాటాలో ఉండేవారు, క్రైస్తవులు, వాళ్ళను మేము తాతయ్యా అమ్మమ్మా అని పిలిచేవాళ్ళం. అమ్మమ్మ మెత్తన, తాతయ్య గచ్చులాంటి మనిషి. ఇల్లు అద్దంలా ఉండాలి. రోజూ పొద్దున వరండా నేలమీద పేపరు పూర్తిగా పరిచి, దానిముందు మఠం వేసుకుని, వంగి ప్రతి అక్షరమూ చదివేవాడు. అటువంటివాడు ఒకనాడు మెట్లమీద తడిలో కాలు వేశాడు.

"గిదేంది తమ్మీ? మెట్లా, మోరీనా? వచ్చే గృహకూడిక మనింట్లనే. సంఘం అంతా వస్తది, పాస్టరుగారు వస్తరు. గప్పటిదాంక గిది చెప్పిన మాట వినాలె. వింటే ఉంటది, లేకుంటే పోతది. గంతే."

పిల్ల మెట్ల మలుపులో నిలబడి ఆ మాటలు విన్నది. ఆ సాయంత్రం సున్నాకు కూడా ఏమీ చెప్పలేదు. దాన్ని ఊరికే పట్టుకుని కూర్చుంది.

నాకు పట్టుదల వచ్చింది. ఇంత తింటే ఇంతసేపటికి తడి, అంత తింటే ఎంతసేపటికి అని త్రైరాశికం మొదలుపెట్టాను. సరిగ్గా నా లెక్క ప్రకారం దాన్ని మూలకు తీసుకెళ్ళి కూర్చోబెడితే అది నా మొహం చూసి ఆవలించి, లెక్క తప్పిన మరుక్షణం గుమ్మంలో పని కానిచ్చేది. "ఏరా, నీ లెక్కలన్నీ నా గుమ్మంలోనే తప్పాలా?" అనేది అక్క, తుడుచుకుంటూ. తర్వాత మెల్లగా తెలిసింది, దాని లెక్క గంటలది కాదు, సందర్భాలది: నిద్ర లేవగానే ఒకసారి, తిని మూతి నాక్కోగానే ఒకసారి, ఆట మధ్యలో హఠాత్తుగా ముక్కు నేలకు ఆనించి గుండ్రంగా తిరిగితే ఇంకోసారి. ఆ తిరుగుడు కనబడగానే ఎత్తుకెళ్ళి కాగితం మీద దించడమే, పని కాగానే మెచ్చుకుని ఒక మరమరాల గింజ నోట్లో పెట్టడమే!

కాగితాలకు కరువా? అమీర్‌పేట చౌరస్తాలో రోజూ బస్సు దిగితే చాలు, కంప్యూటర్ కోర్సుల పాంప్లెట్లు చేతిలో కుక్కేవారు, ఒకటి వద్దంటే నాలుగు ఇచ్చేవారు. అవన్నీ ఇంటికి తెచ్చేవాణ్ణి. పాత పేపర్లు అమ్మమ్మ ఇచ్చేది. సున్నా ఎంత బాగా నేర్చుకుందంటే, గదిలో ఎక్కడున్నా పరుగెత్తుకెళ్ళి కాగితం మధ్యలోనే కూర్చునేది, అంచు మీద కూడా కాదు! నేనూ అక్కా పిల్లా ముగ్గురం చప్పట్లు కొట్టేవాళ్ళం. గెలిచామనుకున్నాం.

గృహకూడిక రోజు సాయంత్రం వరండా నిండిపోయింది. పాటలు, ప్రార్థన అయ్యాయి. మేమూ కిందనే కూర్చున్నాం, సున్నా పైన గదిలో, తలుపు వేసి. ప్రార్థన తర్వాత భోజనాలు. గచ్చు పాడవకూడదని తాతయ్య దగ్గరుండి వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా వరసగా పాత పేపర్లు పరిపించాడు. వాటికి అటూ ఇటూ అందరూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. విస్తళ్ళు ఇంకా వేయలేదు. ఆ పేపర్ల బాట చూసి నాకు ఏదో గుర్తుకు రాబోతోంది, సరిగ్గా అప్పుడే అక్క పచ్చడి జాడీకోసం పైకెళ్ళి తలుపు తీసింది.

సున్నా మెట్లు దొర్లుకుంటూ దిగింది. దిగి, ఆగింది. దాని జన్మలో అంత పేపరు చూసి ఉండదు! తోక గిరగిరా తిప్పుతూ, ఎవరినీ పలకరించకుండా, బాట నడుమనుంచి రాజుగారిలా నడిచి వెళ్ళి, పాస్టరుగారికీ తాతయ్యకూ ఎదురుగా, పేపరుకు సరిగ్గా మధ్యలో కూర్చుని, నిదానంగా కానిచ్చి, మరమరాలకోసం నా వైపు తిరిగి చూసింది.

తాతయ్య మెడ ఎర్రబడింది. నేను లేవబోయాను. అంతలో మా మేనకోడలు లేచి నిలబడింది. అంతమంది కొత్తవాళ్ళ ముందు ఆగకుండా చెప్పేసింది:

"తాతయ్యా, మీరు మాట వినాలన్నారు కదండీ. అది వింది. పేపరు మీదే వెళ్ళాలని మావయ్య చెప్పాడు. పేపరు మీరే వేశారు. అది గచ్చు మీద ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. కావాలంటే చూడండి."

పాస్టరుగారు నిజంగానే వంగి చూశారు. "వాస్తవమేనండీ, పేపరు దాటలేదు" అన్నారు. ముందు అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత వరస వరసంతా నవ్వు అందుకుంది. తాతయ్య మాత్రం నవ్వకుండా పిల్లనే చూస్తూ, "గింత మాట కడుపుల పెట్టుకొని ఇన్ని దినాలు మూగదాని లెక్క తిరిగినవా బిడ్డా?" అని, నా వైపు తిరిగి, "కుక్కకు తెలివున్నది, నేర్పినోనికే లేకపాయె. ఉండనీ, మాట విన్నది గద" అన్నాడు. అక్క జాడీ పట్టుకుని మెట్ల మీదే కూర్చుని కళ్ళు తుడుచుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

తర్వాత పేపరు మీద ఇసుక పోసి, ఆ పేపరును రోజూ కాస్త కాస్త డాబావైపు జరిపి, చివరికి ఇసుక తొట్టి ఒక్కటే మిగిల్చేసరికి చాలాకాలం పట్టింది. ఈలోగా దాన్ని అమీర్‌పేట రోడ్డు మీదికి తీసుకెళ్తే కిందపడ్డ పాంప్లెట్లను ఏ కోర్సన్న భేదం లేకుండా సమానంగా అభిషేకించేది. తాతయ్య మర్నాడే నేల వదిలి కుర్చీ ఎక్కాడు. పేపరును కళ్ళకు దగ్గరగా, సున్నాకు అందనంత ఎత్తుగా పట్టుకుని చదివేవాడు. కింద కాళ్ళ దగ్గర సున్నా. అది పెద్దదై, పేపరు సంగతే మరిచిపోయిన తర్వాత కూడా ఆయన మళ్ళీ నేలమీద పరచలేదు. పిల్ల పక్కన కూర్చుని బడి కబుర్లు ఇద్దరికీ కలిపి చెప్పేది.

పంజాగుట్టలో మేనకోడలి ఇంట్లో నా పేపరు కట్ట విప్పి మూలన పరిచాను. ఆ పిల్లకుక్క దాన్ని వాసన చూసి, దాటిపోయి, కుక్కలకోసమే షాపులో కొన్న, తడి పీల్చే దూది పరుపు మీద శుభ్రంగా కానిచ్చింది. కాలం మారింది, దానికి నా అవసరం అంతగా లేదు. బల్కంపేటలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ వరండా లేదు, కింద తడి అయితే పైకి వినపడేలా తిట్టే ఇంటివాళ్ళూ లేరు. ఈ అంతస్తుల్లో ఎవరింట్లో ఏ కుక్క ఏం చేసిందో పక్కవాళ్ళకు తెలియదు. మాట వింటే ఉండనిచ్చేవాళ్ళెవరు, పొమ్మనేవాళ్ళెవరు?

పేపర్లు మళ్ళీ మడుస్తూ వంటింట్లోకి వెళ్ళాను. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్న అక్క కాఫీ కలుపుతోంది. హాల్లో నేలమీద మేనకోడలు కుక్కపిల్లను ఒళ్ళో వేసుకుని, ఆఫీసు మీటింగులో ఎవరు ఏమన్నారో, తనకు తెలిసీ ఎందుకు నోరు మెదపలేదో, దానికి చెప్పుకుంటోంది. అక్క చెంచా తిప్పడం ఆపేసింది. నేను చేతిలోని పేపరు చప్పుడు కాకుండా పట్టుకుని, తలుపు పక్కన నిలబడిపోయాను.