అక్క చరణానికి జాగా

బాన్సువాడ చుట్టుపక్కల హేమలత కూర్చిన పెళ్లిపత్రిక అందని ఇల్లుండదు. నస్రుల్లాబాద్ పక్క తండాలో పుట్టిన పిల్ల. బస్టాండు దగ్గర కిరాయి గదిలో పదకొండేళ్లుగా డీటీపీ షాపు నడుపుతోంది. ఆమె టైపు చేస్తుంటే చూసేవాళ్లకు ఆయాసం వస్తుంది. అంతటి మనిషిని ఒక్క పాటల పుస్తకం మూడు చెరువుల నీళ్లు తాగించింది.

అవి తండాలో తీజ్ పండుగకు పాడే లంబాడీ పాటలు. ముసలి దేవీబాయి పాడితే, రిటైరైన టీచరు హరనాథబాబు తెలుగు లిపిలో రాసి తెచ్చాడు. "తీజ్‌కు పుస్తకం చేతిల ఉండాలమ్మా. నీతోని కాకుంటే చెప్పు, హైదరాబాద్‌ల చేపిస్త," అన్నాడు. ఆ మాట హేమలతకు ములుకులా దిగింది. తన తండా పాటలు తను కాక ఇంకెవరు కూర్చాలి?

దేవీబాయికి చదువు రాదు. హేమలత చదివి వినిపిస్తే వింటూ దిద్దుతుంది, దిద్దుతూ ఇంకో రెండు పంక్తులు గుర్తు చేసుకుంటుంది. అర్జీలు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లో దిద్దడం సులువే గాని, ఒత్తులు ఒకదాని మీదొకటి ఎక్కి పేజీ సంతలా ఉండేది. పెళ్లిపత్రికలు కూర్చేదాంట్లో పేజీ ముచ్చటగా వచ్చేది. కానీ ఒక్క పంక్తి చేరిస్తే వెనకున్న నలభై పేజీలు చేత్తో సర్దాలి.

విసిగిపోయి ఒకరోజు చేయకూడని పని చేసింది. పత్రికలో చోటు చాలకపోతే చిన్నాన్నల పేర్లు ఎగరగొట్టే అలవాటు కదా, ఒక పాటలో ఒక చరణం ఎగరగొట్టింది.

వింటున్న దేవీబాయి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు బిడ్డా. మా అక్క కట్టిన చరణం ఏమాయె?"

"పేజీల పట్టలేదవ్వా."

"పాటల పట్టింది గదా? గీ కాయితానికేం రోగం?"

హేమలతకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే రెండింటినీ పక్కన పెట్టి మూడో సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. అందులో మాటలు టైపు చేసి, ఇది పల్లవి, ఇది చరణం అని గుర్తు పెడితే చాలు, పేజీని అదే కూర్చుతుంది. చెప్పినంత తేలికేం కాదు. మొదట్లో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చి వెక్కిరించాయి. ఆమె మాత్రం తక్కువ మొండిదా? పన్నెండో రోజుకు దాన్ని దారికి తెచ్చింది.

దేవీబాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆమె చూస్తుండగానే ఆ చరణం చేర్చింది. వెనక పాటలన్నీ కిందికి జరిగాయి, పేజీ నంబర్లు వాటంతటవే మారాయి. ఒక్క ఒత్తు కూడా నలగలేదు.

"జరిగిన్రు," అంది ముసలామె. "తీజ్‌ల గుండ్రంగ ఆడేటప్పుడు ఆలశ్యంగ అచ్చినామెకు అందరు జరిగి జాగ ఇస్తరు సూడు, గట్లనే. మా అక్కకు జాగ ఇచ్చిన్రు."

హేమలత ఆ చరణాన్ని తీసేసి, మళ్లీ చేర్చి చూపించింది. గర్వంతోనే, దాచడం ఎందుకు?

తీజ్‌నాటికి పుస్తకం తండా చేరింది. చివరి పేజీలో 'కూర్పు: హేమలత, బాన్సువాడ' అని ఉంది. హరనాథబాబు దాన్ని పైకి చదివి, హైదరాబాద్ ఊసే ఎత్తలేదు. దేవీబాయి అక్క చరణం ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టుకు కూర్చుంది.

"బిడ్డా, ఇంక రెండు చరణాలు యాదికొచ్చినయి. మల్ల అచ్చేసినప్పుడు పడ్తయా?"

"ఎన్నున్నా పడ్తయవ్వా," అంది హేమలత.