పై చేలో దిగిన మంద

తిరువళ్ళూరు కాలేజీలో బోటనీ రెండో సంవత్సరం చదివే ఆ రోజుల్లో, ఈ భూమి ఎలా నడుస్తుందో నాకూ మా ప్రొఫెసరుకూ తప్ప ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం (ప్రొఫెసరు విషయంలోనూ కొంచెం అనుమానమే). నత్రజని చక్రం, నీటి చక్రం బాణం గుర్తులతో సహా కంఠతా వచ్చు. సెలవులకు కే.జీ.కండిగై పోయినప్పుడల్లా మా అమ్మ నాన్నను, అంటే మా తాతను, కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. ఆయన ఓపిగ్గా విని, "అంతా సరేమ్మా, నీ బాణాల్లో గొర్రెలు యాడుండాయి?" అనేవాడు.

ఆయన బాధ ఆయనది. రెండేళ్ళుగా మా చేలో వేరుశనగ సరిగా కాయలేదు. గొర్రెల మందను మూడు రాత్రులు చేలోనే నిలిపితే, పెంటికలూ మూత్రమూ పడి నేల తేరుకుంటుందని ఆయన ఆశంతా. మందాయన మా వైపు వచ్చేది ఏడాదికోసారే, ఆ తర్వాత పూండి వైపు సాగిపోతాడు. ఆ ఏడు తాతకు మోకాలి నొప్పి. "చదువుకున్న పిల్లవి, చేను నువ్వే చూపించమ్మా" అన్నాడు. నేను పొంగిపోయాను. "చూపించేదేముంది తాతా, ఫోన్లో లొకేషన్ పంపిస్తా!"

మా చేలో సిగ్నల్ లేదు. గట్టెక్కి, పైనున్న, మా అమ్మకు తమ్ముడి వరసయ్యే మామ చేలో నిలబడి చక్కగా పంపించాను. (గట్టు తగాదా వల్ల ఆ మామకూ మాకూ మాటల్లేవు.) మందాయన బుద్ధిమంతుడు, నేను నిలబడ్డ చోటే మంద కట్టాడు. నేనా, చేనివైపు తొంగి కూడా చూడలేదు, ఫోన్ మీద అంత భరోసా! నాలుగోనాడు మామే పనసపండుతో దిగాడు. "రొంబ సంతోషం పెదనాయనా! పాత కోపం పెట్టుకోకుండా నా చేలో మంద కట్టించినావు." తాత నోరు తెరిచి నా వైపు చూశాడు. మంద అప్పటికే పూండి దారి పట్టింది. ఆయన నన్ను తిట్టకుండా, ఆ పనసపండు కోసి మొదటి తొన నా చేతిలోనే పెట్టాడు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు గంప పట్టుకుని మామ చేలో పెంటికలు ఏరుతుంటే ఆయన రానే వచ్చాడు. "ఏంది కోడలా, ఎతకతా ఉండావు?" "కాలి పట్టీ పోయింది మామా" అనేశాను. పాపం, ఆ మనిషి గంటసేపు నాతోపాటు వంగి వెతికాడు! నా గంపలోకి ఒక్క పెంటిక చేరితే ఒట్టు.

వారం తిరక్కుండా పెద్దవాన పడింది. తగాదా పడ్డ గట్టే తెగి, మామ చేని నీళ్ళు చిక్కటి టీ రంగులో మా చేలోకి దూకాయి. తాత మోకాలు మరిచి, గొడుగు పట్టుకుని కేకలు: "వస్తా ఉండాదమ్మా, మన ఎరువు వస్తా ఉండాది!" మామ పారతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన తెగిన గట్టును చూశాడు, తాత ముఖం చూశాడు, రెండింటికీ పట్టీల్లేని నా బోసి కాళ్ళు చూశాడు. ఏం అర్థమైందో ఏమో, పకపకా నవ్వి పార పక్కన పెట్టాడు. "వాన నిలిచినాక కట్టుకుందాంలే పెదనాయనా. సగం నీకు, సగం నాకు." ఆ పంటకు రెండు చేలూ బాగా కాశాయి.

ఇప్పుడు నేను తిరుత్తణిలో టీచర్ని. తాత లేడు. బోర్డు మీద మబ్బు, చెట్టు, బాణాలు గీశాక మధ్యలో ఒక గొర్రెను కూడా గీస్తాను. "పుస్తకంలో లేదే మిస్!" అని పిల్లలు నవ్వుతారు. తాత అడిగిన రోజుల్లో నేనూ లేదనే అనుకునేదాన్ని.